ఆకు రాలిన అడవినీ చూడు

హనుమకొండ

బిడ్డా,

కుంటాల జలపాతం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "ప్రకృతి పరిచిన పచ్చని తివాచీ" అన్నచోట రెండుసార్లూ ఆగిపోయాను. ఆ మాట ఊటీకీ సరిపోతుంది, అరకుకీ సరిపోతుంది. సహ్యాద్రి తూర్పుకు సాగి వచ్చి మన ఆదిలాబాద్ గుట్టలైన చోటు మాత్రం అందులో కనిపించలేదు.

నువ్వు వెళ్ళింది శ్రావణంలో. కడెం వాగు నిండుగా పారుతోంది, ఎటు చూసినా పచ్చదనమే. మార్చిలో వెళ్ళి చూడు. ఒంట్లో ఉన్న నీళ్ళు కాపాడుకోవడానికి టేకు ఆకంతా రాల్చేసి నిలబడుతుంది. అదే ఎండకు మోదుగు ఎర్రగా పూస్తుంది. ఇప్పపువ్వు రాత్రిపూట రాలుతుంది. తెల్లవారుతుండగానే గోండు ఆడవాళ్ళు గంపలతో చెట్టు కిందికి చేరతారు. పువ్వు బాగా కనపడాలని కింది ఎండుటాకుకు నిప్పు పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఒక్కోసారి అది అడవికి అంటుకుంటుంది. అందం చెడుతుందని ఆ సంగతి వదిలేయకు, రాయి.

చెట్ల పేర్లు నేర్చుకో. నిర్మల్ బొమ్మలు టేకుతో చేస్తారని తొలిరోజుల్లో రాశాను, అచ్చయింది కూడా. అది చదివిన ఒక కళాకారుడు నన్ను పిలిచి పునికి చెక్క చేతిలో పెట్టాడు. ఎంత తేలికో! అంత మెత్తన కాబట్టే ఉలి కింద పండవుతుంది, పిట్టవుతుంది. అడగకుండా రాశానే అని ఇప్పటికీ బాధే.

కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వు అయ్యాక అందరూ పులినే రాస్తున్నారు. నువ్వు రాబందుల గురించి రాయి. "అంతరించిపోతున్నాయి" అని ఒక్క మాటతో దాటేశావు, నాకు మనసొప్పలేదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలిపోయేది. అది తిన్న రాబందు కిడ్నీలు చెడి చచ్చిపోయేది. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. కానీ అది ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే పక్షి, ఎప్పటికి కోలుకుంటుంది? అందుకే 2013లో బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపించాయని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఫాల్గుణం దాటకముందే మళ్ళీ వెళ్ళు. అటవీ శాఖ అనుమతి తీసుకో, చెట్లు తెలిసిన ఊరి పెద్దమనిషిని వెంట తీసుకెళ్ళు. గూళ్ళకు దూరంగానే ఉండు. నా బైనాక్యులర్ ఇస్తాను, ఆదివారం ఇంటికి రా.