ముందు నీ కూతురు అడిగినదానికి జవాబు చెప్పు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం. పేరు, ఊరు వద్దన్నారు. చాలా పెద్దది, కుదించి పెడుతున్నా.

"నాకు 43 ఏళ్ళు. అయిదేళ్ళుగా ఒళ్ళంతా నొప్పులు. మెడ, భుజాలు, నడుం, పిక్కలు, ఇవాళ ఒకచోట ఉంటే రేపు ఇంకోచోట. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టు ఉంటుంది. నలుగురు డాక్టర్లకి చూపించాం, ఎమ్మారై, థైరాయిడ్, కీళ్ళవాతం టెస్టులు అన్నీ అయ్యాయి, అన్నీ నార్మల్. ఆరు నెలల కిందట ఒక డాక్టర్ గారు ఫైబ్రోమయాల్జియా అని చెప్పి రాత్రిపూట వేసుకోమని అమిట్రిప్టిలిన్ 10 రాశారు. మా ఆయన ఆ పేరు ఫోన్లో కొట్టి చూసి, ఇది డిప్రెషన్ బిళ్ళ అని మా అత్తగారి ముందే పైకి చదివారు. అప్పట్నుంచి ఇంట్లో నా జబ్బుకి 'మనసుది' అని పేరు పడిపోయింది. అత్తగారికి మోకాలి చిప్ప మార్పిడి అయినప్పుడు మూడు నెలలు అన్నీ నేనే చేశాను, ఆవిడ ఎక్స్‌రే ఇప్పటికీ బీరువా మీదే ఉంటుంది, వచ్చినవాళ్ళకల్లా చూపిస్తారు. నాకు చూపించడానికి ఏమీ లేదు. రాత్రిళ్ళు అమృతాంజనం రాసుకుంటే వాసన పడదని మా ఆయన హాల్లో పడుకుంటున్నారు. ఇంటర్ చదివే కూతురుంది, అదీ నా వైపు లేదు. నెలసరి వస్తే రెండ్రోజులు మంచం దిగదు, కాలేజీ మానేస్తుంది, నేను ఈ ఒళ్ళు పెట్టుకుని వంట చేస్తుంటే తిన్న కంచం కూడా తియ్యదు. ఆడపిల్లవి, ఇవి అందరికీ ఉండేవే, ఈమాత్రం ఓర్చుకోలేకపోతే రేపెలా అన్నాను. 'నీకైతే నొప్పి, నాకైతే నాటకమా' అంది. ఎంత మాటందో చూడండి. హైదరాబాద్ వెళ్ళి ఏ పెద్ద టెస్ట్ చేయించుకుంటే నా నొప్పి రిపోర్టులో కనపడుతుందో చెప్పండి, అదన్నా చూస్తే మా ఆయన నమ్ముతారు."

చూడమ్మా, నాకంటే పదిహేనేళ్ళు చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

టెస్ట్ సంగతి ముందే తేల్చేస్తా. అలాంటి టెస్ట్ లేదు. హైదరాబాద్‌లో లేదు, వెల్లూరులో లేదు, అమెరికాలోనూ లేదు. ఫైబ్రోమయాల్జియా అంటే కండకీ ఎముకకీ దెబ్బ లేకుండానే ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు, అది రక్తంలో తేలదు, స్కానింగ్‌లో పడదు. డాక్టరు నువ్వు చెప్పింది విని, ఒళ్ళు నొక్కి చూసి, థైరాయిడ్ లాంటివి కావని నిర్ధారించుకుని చెప్పేదే, నీకు అది అయిపోయింది. ఇంకో టెస్ట్ చేయిస్తే ఇంకో నార్మల్ వస్తుంది, మీ ఆయన చేతికి ఇంకో కాగితం దొరుకుతుంది. ఆ డబ్బులు దాచుకో, ఎందుకో కింద చెప్తా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఆయన మీద ఒళ్ళు మండింది, అత్తగారి ఎక్స్‌రే దగ్గర నవ్వొచ్చింది. రెండోసారి మాత్రం మీ అమ్మాయి దగ్గర ఆగిపోయాను. నువ్వు ఆ మాట ఎందుకు రాశావో తెలుస్తూనే ఉంది, చూడండి నా కూతురు ఎంత పొగరుదో అని నాకు చూపించడానికి రాశావు, కానీ నాకు కనపడింది వేరు. అయిదేళ్ళుగా నువ్వు ఇంటిల్లిపాదినీ అడుగుతున్న ప్రశ్ననే ఆ పిల్ల నిన్ను అడిగింది. నన్నెందుకు నమ్మరు అని. దానికి నువ్విచ్చిన జవాబు మీ ఆయన నీకిచ్చే జవాబే, మాటలు కూడా పెద్దగా మారలేదు.

కోపం వచ్చిందా? రానీ, కానీ చదువు.

పదహారు పదిహేడేళ్ళ పిల్ల నెలకి రెండ్రోజులు కాలేజీ మానేసి మంచం పట్టిందంటే అది "అందరికీ ఉండేది" కాదు. కొంచెం నొప్పి అందరికీ ఉంటుంది, మాత్ర వేసుకుంటే సర్దుకుని పనులు చేసుకోగలగాలి, అలా సర్దుకోకుండా ప్రతి నెలా ఇదే వరసైతే గైనకాలజిస్ట్‌కి చూపించాలి, అంతే, ఇందులో ఆలోచించేది ఏమీ లేదు. ఎండోమెట్రియోసిస్ అని ఒకటుంది, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం, పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. చాలామందికి అది బయటపడేసరికి ఏళ్ళు గడిచిపోతాయి, ఎందుకంటే చిన్నప్పుడు అమ్మ ఓర్చుకోమంటుంది, తర్వాత అత్తగారు పిల్లలు పుడితే పోతుందంటుంది. మామూలు స్కానింగ్‌లో ఏమీ లేకపోయినా అది లేదని చెప్పలేం. ఈ ముక్క చదివితే ఏదో గుర్తొస్తోందా నీకు? మీ అమ్మాయికి అదే ఉందని నేననట్లేదు, డాక్టర్ చూడకుండా ఎవరూ అనకూడదు. కానీ నువ్వు చూడకుండానే లేదని తేల్చేశావు. ఇంకోటి, నీకున్న జబ్బు కుటుంబాల్లో కొంచెం నడుస్తుంది, తల్లికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆ పిల్ల చెప్పేది ఇప్పట్నుంచే చెవినేసుకోవాలని.

నువ్వు చెడ్డ తల్లివని నేను రాయట్లేదు. మన ఇళ్ళల్లో ఇది ఎలా నడుస్తుందో నాకు తెలుసు. మా అమ్మకి నడుం నొప్పి ఉండేదని మాకు ఎవరూ చెప్పలేదు, వాసన వల్ల తెలిసింది. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు తీసేసి అమృతాంజనం రాసుకునేది, పొద్దున్నే మా జడలు వేస్తుంటే ఆ వేళ్ళు ఘాటుగా ఉండేవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ఆ వ్యాపారం పెట్టి, ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారని స్కూల్లో చదువుకున్నప్పుడు, ఆ పత్రికకి మా అమ్మ నడుం కూడా చందా కట్టిందన్నమాట అనుకునేదాన్ని. నవ్వులాటకి అంటున్నా గానీ, ఆవిడ ఒక్కరోజు కూడా నొప్పిగా ఉంది పడుకుంటాను అనలేదు. దాన్ని చూసి మేం ఓర్పు అనుకున్నాం. నాకు నలభై దాటి మెడ పట్టేసినప్పుడు నేనూ ఎవరికీ చెప్పలేదు, చెప్పడం ఎలాగో తెలియలేదు నాకు. మీ అమ్మాయి నీ మొహం మీదే అడిగింది. పొగరో ఇంకోటో, నొప్పి దాచుకునే అలవాటు దానికి ఇంకా రాలేదు, నీ చేత్తో నేర్పకు.

ఏం చెయ్యాలంటే, ఇవాళే, వంట అయ్యాక కాదు ముందే, దాని పక్కన కూర్చుని "నేనన్నది తప్పు, నీ నొప్పి నాకు తెలియదు, చెప్పు" అను. ఎక్కడ వస్తుంది, ఎన్నో రోజు ఎక్కువ, వాంతులవుతున్నాయా, రక్తం ఎంత పోతోంది, ఏ మాత్ర వేసుకుంటోంది, అన్నీ అడిగి కాగితం మీద రాయి. మధ్యలో "నాకు కూడా" అని మొదలెట్టకు, నీ సంగతి ఆ రోజు వద్దు. పిల్లలకి క్షమాపణ చెప్తే చులకనైపోతాం అనుకునే ఇళ్ళల్లో నేనూ పెరిగాను, అయినా చెప్పు. నెల తిరక్కముందే గైనకాలజిస్ట్‌కి చూపించు. పైన దాచుకోమన్న డబ్బులు దానికే.

సరే, ఇక మీ ఆయన. నువ్వు రాసినంత దుర్మార్గుడిలా నాకు కనపడలేదు. నటిస్తోందని నిజంగా అనుకున్న మగాడు షాపు మూసుకుని నలుగురు డాక్టర్ల చుట్టూ తిప్పడు, ఎమ్మారైకి డబ్బులు కట్టడు. తిరిగి తిరిగి ఏమీ తేలక విసుగొచ్చి, ఆ విసుగు ఆ బిళ్ళ మీద చూపించాడు. కానీ తల్లి ముందు పైకి చదవడం మాత్రం తప్పే, అది నువ్వు గదిలో తలుపేసుకుని స్పష్టంగా చెప్పాల్సిన విషయం. ఏడవకుండా చెప్పు. "మీకు నమ్మకం లేకపోతే నాతో అనండి, అత్తయ్య గారి ముందు అనొద్దు" అని ఒక్కసారి గట్టిగా అంటే చాలు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క మాట అనలేక రిపోర్టుల కోసం తిరుగుతున్నావు నువ్వు, నీ తరఫున కాగితం మాట్లాడాలని. కాగితం మాట్లాడదమ్మా.

బిళ్ళ సంగతి ఆయనకి ఇలా చెప్పు. ఎరువులు పురుగుమందుల షాపు కదా ఆయనది (ఉత్తరం చివర రాశావు), ఒకే మందు వరికి ఒక డోసు, కూరగాయలకి ఒక డోసు అని రైతులకి రోజూ చెప్పే మనిషి. ఇదీ అంతే. అమిట్రిప్టిలిన్‌ని 1960ల నుంచి డిప్రెషన్‌కి వాడుతున్న మాట నిజమే, కానీ దానికిచ్చే మోతాదు వేరు, నీకిచ్చిన 10 అందులో పదో వంతు ఉంటుందేమో. ఈ చిన్న డోసు నొప్పి కబురు మోసే నరాల మీద పనిచెయ్యడానికి, నిద్ర పట్టడానికి. శ్రీరామనవమి పందిట్లో మైకు సెట్టు ఉంటుందే, పాట అదే పాట, వాల్యూమ్ మాత్రం ఆఖరి దాకా తిప్పేసి ఇరుక్కుపోతే చెవులు పగిలిపోతాయి. నీ ఒంట్లో జరుగుతున్నది అదే, కండకీ ఎముకకీ దెబ్బ లేదు, మెదడూ వెన్నుపాములో ఆ వాల్యూమ్ ఎక్కువైపోయింది. అందుకే మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచెయ్యవు, ఊళ్ళో సూది వేసే ఆయన దగ్గరికి వెళ్ళి స్టెరాయిడ్ పొడిపించుకున్నా ప్రయోజనం ఉండదు, పైగా సుగర్ తెచ్చుకుంటావు. నోరు ఎండిపోవడం, పొద్దున మత్తుగా ఉండడం లాంటివి ఉంటే డాక్టర్‌కి చెప్పు, నీ అంతట నువ్వు మానెయ్యకు.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన్ని బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చోనివ్వకు, లోపలికి తీసుకెళ్ళు. నువ్వు ఇంటికొచ్చి చెప్తే అది నీ మాట, డాక్టర్ నోటితో వింటే డాక్టర్ మాట. న్యాయమా అంటే కాదు, కానీ మన దగ్గర అలాగే నడుస్తోంది, వాడుకో. నొప్పి మీద పనిచేసే డాక్టర్లూ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఒకటుంది, వాళ్ళు 1979లో నొప్పి అంటే ఏంటో రాసుకున్న నిర్వచనం చాలదని 2020లో మార్చి రాశారు, మనిషి నాకు నొప్పిగా ఉంది అంటే ఆ మాటని గౌరవించాలి అని అందులో పెట్టారు. ఎక్స్‌రేలో కనపడితేనే అని ఎక్కడా పెట్టలేదు. ఇది మీ ఆయనకి చదివి వినిపించు, కానీ ముందు అమ్మాయి సంగతి సర్దుబాటు చేసుకున్నాకే వినిపించు, లేకపోతే ఆ పిల్ల పక్క గదిలోంచి నవ్వుతుంది, నవ్వితే తప్పు దానిది కాదు.

రోజూ గడవడం గురించి రెండు మాటలు. ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉన్న రోజున ఇల్లంతా దులిపేసి, పచ్చళ్ళు కలిపేసి, బీరువా సర్దేసి, తర్వాత మూడ్రోజులు పడిపోతున్నావని నువ్వే రాశావు. అది మానెయ్యి. బాగున్న రోజూ బాగోని రోజూ దాదాపు ఒకే పని చెయ్యి, అరగంట పని, పది నిమిషాలు కూర్చోవడం. నడక మొదలుపెట్టు, కానీ అయిదు నిమిషాలతో. వారం తర్వాత ఇంకో రెండు నిమిషాలు కలుపు. మొదట్లో నొప్పి కొంచెం పెరిగినట్టు ఉంటుంది, భయపడి ఆపెయ్యకు. ఈ జబ్బుకి మందుల కంటే నెమ్మదిగా పెంచుకుంటూ పోయే వ్యాయామమే ఎక్కువ పనిచేస్తుందని డాక్టర్లే చెప్తున్నారు. నిద్రకి టైము పెట్టుకో. పూర్తిగా పోతుందా అని అడుగుతావు, పోతుందని నేను మాటివ్వలేను, తగ్గించుకుని బతకొచ్చు, చాలామంది బతుకుతున్నారు.

అత్తగారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆవిడ ఎక్స్‌రే ఆవిడ ముచ్చట, ఉండనీ.

అమ్మాయిని గైనకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళే రోజున పొద్దున్నే లేచి అందరికీ వండిపెట్టి, ఒళ్ళు హూనం చేసుకుని బయల్దేరకు. ఆ పూట కూరలు కర్రీ పాయింట్ నుంచి తెప్పించు, అన్నం కుక్కర్లో మీ ఆయన పెడతాడు. లోపలికి వెళ్ళాక డాక్టర్ అడిగినవాటికి అమ్మాయినే చెప్పనీ, నువ్వు ఆ కాగితం పట్టుకుని పక్కన కూర్చో.