వద్దన్న బండి

కడప నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశమిది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న 16 ఏళ్ల కొడుకు, తండ్రి మోటారు సైకిలు తాళంచెవిని బీరువాలో పెట్టిన వారానికే మారు తాళంచెవి చేయించుకున్నాడు. రాత్రి అందరూ పడుకున్నాక బండిని స్టార్టు చేయకుండా వీధి చివరిదాకా తోసుకుపోయి, అక్కడి నుంచి స్నేహితులతో ఏడు రోడ్ల కూడలి వైపు తిరిగి వస్తున్నాడు. నిలదీస్తే "వద్దన్నారు కాబట్టే పోయినా" అన్నాడట. వీడెందుకిలా చేస్తున్నాడు, మేమేం చేయాలి అన్నది ఆ తల్లి ప్రశ్న.

అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది. తనదనుకున్న స్వేచ్ఛను ఎవరైనా లాగేసుకుంటే మనిషిలో దాన్ని తిరిగి దక్కించుకోవాలనే పట్టుదల పుడుతుందని, వద్దన్నదే మరింత ప్రియమవుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లో వివరించారు. తోటివాళ్లు పక్కన ఉంటే ఈ వయసువారు ఇంకా తెగిస్తారు.

అయినా నా మనసు ఆగింది బండిని తోసుకుపోయిన సంగతి దగ్గర. తండ్రి మాటను బొత్తిగా లెక్కచేయని పిల్లవాడైతే వాకిట్లోనే స్టార్టు చేసేవాడు. అంత బరువును చీకట్లో తోసుకుపోయాడంటే, నాయన లేస్తాడన్న భయమూ, ఆయన కళ్లముందు చెడ్డవాణ్ని కాకూడదన్న కోరికా అతనిలో ఇంకా ఉన్నాయి. ఈ సంగతి మీ భర్తకు తప్పక చెప్పండి. కొడుకు చెయ్యి దాటిపోయాడని ఆయన కుమిలిపోనక్కర్లేదు.

అలాగని బండి విషయంలో సడలింపు కూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మీ భర్త కోపంగా కాక, పక్కన కూర్చోబెట్టుకుని ఇవన్నీ చెబితే, అది తండ్రీకొడుకుల పంతంగా మిగలదు.

జుట్టు ఎలా కత్తిరించుకోవాలో, ఆదివారం ఎవరితో క్రికెట్ ఆడాలో కూడా ఆయనే నిర్ణయిస్తారని రాశారు. వాటిని ఈ వారం నుంచే అబ్బాయికి వదిలేయండి. అన్నిటికీ ఒకే గట్టి "వద్దు" వినిపిస్తుంటే, ప్రాణం మీదికి వచ్చేదేదో, అలవాటు కొద్దీ అన్నదేదో అతనికి తేడా తెలియదు.

మారు తాళంచెవి కోసం పుస్తకాల సంచి వెతకవద్దు. బండిని కొన్నాళ్లు దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచి, తాళంచెవి తానే తెచ్చి ఇవ్వమని అబ్బాయితో చెప్పండి. ఇచ్చిన రోజున మీ భర్త పాత సంగతులేవీ ఎత్తకుండా చేయి చాచి తీసుకోవాలి.