థైరాయిడ్ ఆపరేషన్ అయిన పేషెంట్‌లో మొదటి రెండు రోజులు నర్సు ఏమేం గమనించాలి?

మొదటి 24 గంటల్లో అసలు భయం రక్తస్రావమే. మెడలో చోటు తక్కువ. లోపల కాస్త రక్తం గడ్డకట్టినా ఊపిరి ఆడదు. మంచం తలవైపు 30–45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. కట్టు ముందువైపు పొడిగా ఉంటే సరిపోదు. రక్తం జారి మెడ వెనక్కి చేరుతుంది కాబట్టి మెడ కింద చెయ్యి పెట్టి, దిండు తడిసిందేమో చూడాలి. డ్రెయిన్ (లోపలి రక్తం బయటికి రావడానికి పెట్టిన గొట్టం) ఖాళీగా ఉందనీ నమ్మకండి, గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. మెడ ఉబ్బినా, ఊపిరిలో ఈల శబ్దం వచ్చినా వెంటనే సర్జన్‌ని పిలవాలి. కుట్లు విప్పే సామాను, ఆక్సిజన్, ట్రాకియాస్టమీ సెట్ (ఊపిరి కోసం మెడ ముందు శ్వాసనాళానికి రంధ్రం చేసే సామాను) ఉండాల్సింది మంచం పక్కన, స్టోర్‌రూమ్‌లో కాదు.

మధ్యమధ్య ఓ మాట మాట్లాడించండి. కాస్త బొంగురు మామూలే, అది పెరుగుతూపోతే చెప్పాలి.

రెండో రోజుకి కాల్షియం పడిపోవచ్చు. పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి అంటే థైరాయిడ్ వెనకే ఉండి కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. బీపీ కఫ్‌ని పై రీడింగ్ కన్నా 20 ఎక్కువకు బిగించి 3 నిమిషాలు ఉంచితే, కాల్షియం తగ్గినవాళ్లకి చెయ్యి కొంకర్లు పోతుంది. డాక్టర్ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. రాస్తే, ఈసీజీ చూస్తూ కనీసం 10 నిమిషాలు తీసుకుని ఎక్కించాలి. తొందరపడితే గుండె లయ తప్పుతుంది. మందు నరం బయటికి కారితే అక్కడి చర్మం చచ్చిపోతుంది.