గాలి లైన్‌కి పీవీసీ వద్దు

గాజువాక షెడ్డులో కంప్రెసర్‌కి పీవీసీ పైపు వేద్దామా, స్ప్రే గన్‌లో నీళ్లెందుకు వస్తున్నాయి అని అడిగారు కదా. పీవీసీ వద్దు బ్రదర్, గాలి ప్రెషర్‌కి పగిలితే కారి ఊరుకోదు, పెంకులై ఎగురుతుంది. జీఐ (జింక్ పూత వేసిన ఇనుప పైపు) చాలు, కాకపోతే లోపల తుప్పు రాలుతుంది కాబట్టి పెయింట్ పనికి రాగి గానీ అల్యూమినియం గానీ నయం. నీళ్లంటారా, మన వైజాగ్ ఉక్కపోతకి మామూలే: లైన్‌ని పది అడుగులకి అంగుళం చొప్పున వాలుగా బిగించి, ప్రతి కనెక్షన్‌నీ మెయిన్ పైపు పైభాగం నుంచి తీసి వంచి కిందికి దించి, అడుగున ఓ బాల్ వాల్వ్ పెట్టండి, అందులోంచి నీళ్లు వదిలేయొచ్చు. నేను మొదట కింది నుంచే తీశాను, బండి ట్యాంకుకి కొట్టిన నల్ల పెయింటంతా పొక్కులే! కంప్రెసర్ దగ్గర మాత్రం ప్రెషర్‌కి తగ్గ రబ్బరు హోస్ ముక్క వేయండి, లేకపోతే ఆ అదురుకి జాయింట్లు వదులైపోతాయి.