పెకింగ్ ఒపేరాలో ‘దాన్’ అంటే ఏమిటి? మెయ్ లాన్‌ఫాంగ్‌కు అంత పేరు ఎందుకు?

చైనా సంప్రదాయ సంగీత నాటకమైన పెకింగ్ ఒపేరాలో నటులు చిన్నప్పటి నుంచే ఒక పాత్రవర్గాన్ని ఎంచుకుని సాధన చేస్తారు. ముఖ్యమైనవి నాలుగు: పురుష పాత్రలు ‘షెంగ్’, స్త్రీ పాత్రలు ‘దాన్’, ముఖమంతా రంగులతో చిత్రించుకునేవి ‘జింగ్’, హాస్య పాత్రలు ‘చౌ’. జింగ్‌లో రంగే స్వభావం చెబుతుంది. చైనా ‘మూడు రాజ్యాల’ కథల్లోని కుటిలుడైన త్సావో త్సావో తెల్లటి ముఖంతో వస్తాడు.

దాన్‌లో మళ్లీ రకాలున్నాయి. గంభీరమైన, శీలవతి అయిన స్త్రీ ‘చింగ్‌యీ’. ఆమెకు పాటే ప్రాణం. చలాకీ పిల్ల ‘హువాదాన్’. ఆమెకు మాట, అభినయం ముఖ్యం. 1912 దాకా చైనాను ఏలిన చింగ్ రాజుల కాలంలో బీజింగ్ రంగస్థలం మీద ఆడవాళ్లకు చోటు లేదు కాబట్టి ఈ వేషాలన్నీ మగవాళ్లే కట్టేవారు.

అలా దాన్ వేషాలు కట్టిన నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ (1894–1961) గొప్పతనం ఇక్కడే ఉంది. విడివిడిగా ఉన్న ఈ రకాలను కలిపి, పాట, నాట్యం, అభినయం ఒకే పాత్రలో నిండిన ‘హువాషాన్’ను ఆయన పరిపుష్టం చేశారు. దీనికి దారి వేసింది ఆయనకంటే ముందుతరం వాడైన వాంగ్ యావోచింగ్. 1930లో అమెరికాలో, 1935లో సోవియట్ యూనియన్‌లో మెయ్ ప్రదర్శనలిచ్చారు. మాస్కోలో చూసిన జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ ఆ నటన మీద వ్యాసమే రాశారు. జపాన్ ఆక్రమణ కాలంలో వేషం కట్టనని మెయ్ మీసం పెంచుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయ్యేది అక్కడే.

చెంగ్ యెన్‌చ్యూ, షాంగ్ షియావోయున్, షున్ హుయిషెంగ్‌లతో కలిపి ఆయనను ‘నలుగురు మహా దాన్‌లు’ అంటారు. వీరిలో చెంగ్‌ను తప్పక వినండి. యౌవనంలో గొంతు మారిపోతే, ఆ లోగొంతునే విషాద పాత్రలకు తనదైన బాణీగా మలచుకున్నారు.