టెక్ సందేహాలు: ఎలక్ట్రిక్ గిటార్‌లో ముందు మార్చాల్సింది పికప్‌లు కావు

ఈసారి అన్నీ గిటార్ ప్రశ్నలే తీసుకున్నాను. గోదావరి డెల్టాలో చర్చి వాద్య బృందాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు ఊరూరా ఉన్నారు. గిటార్ రిపేర్ షాపు మాత్రం దగ్గర్లో ఉండదు. టీవీలు, రేడియోలు బాగుచేసే మెకానిక్ ఉంటాడు. కింద చెప్పిన పనులన్నింటికీ ఆయన చాలు. కొంచెం ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు.

రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో గిటార్ వాయిస్తానండి. స్ట్రాటోకాస్టర్ మోడల్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోంది, సెలెక్టర్ స్విచ్ కదిపితే సౌండ్ పోయి వస్తోంది. పికప్‌లు పోయాయి, మొత్తం మార్చాలి అన్నారు. ఖర్చు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.

మీరు చెప్పిన లక్షణాలు పికప్‌వి కావు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. అందులో కదిలేది ఏదీ లేదు కాబట్టి అరిగేదీ లేదు. అరిగేవి పాట్‌లు (నాబ్ కింద ఉండి, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగాలు), పికప్‌లని ఎంచుకునే స్విచ్, కేబుల్ గుచ్చే జాక్. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికీ తేమకీ ఈ మూడింటి లోహపు కాంటాక్టుల మీద పొర కడుతుంది. గరగర అక్కడి నుంచే వస్తుంది.

డబ్బు ఖర్చుపెట్టే ముందు మల్టీమీటర్‌తో చూడండి. కేబుల్ గిటార్‌కి గుచ్చి వాల్యూమ్ ఫుల్ పెట్టండి. కేబుల్ రెండో కొసన పిన్ మొనకి ఒక ప్రోబ్, దాని వెనక లోహపు గొట్టానికి ఇంకో ప్రోబ్ ఆనించి రెసిస్టెన్స్ చదవండి. మీటర్ 20కె (20 కిలో ఓమ్‌ల) రేంజ్‌లో ఉండాలి. మామూలు సింగిల్ కాయిల్ 5.5 నుంచి 7కె చూపిస్తుంది. స్విచ్ 2, 4 స్థానాల్లో రెండు పికప్‌లు ప్యారలల్‌లో ఉంటాయి కాబట్టి అందులో సగం వస్తుంది. టోన్ నాబ్ ఎక్కడున్నా పర్వాలేదు, డీసీని కెపాసిటర్ అడ్డుకుంటుంది. అంకెలు సరిగ్గానే ఉండి, స్విచ్ కదిపినప్పుడు మాత్రమే ఎగిరెగిరి పడుతుంటే తప్పు స్విచ్‌దే. స్విచ్ కదిపినా అంకె మారకుండా ఒక పికప్ దగ్గర మాత్రం 20కె దాటిపోతుంటే, అప్పుడు ఆ పికప్ తీగనో దాని అతుకునో అనుమానించాలి.

తర్వాత ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే తెచ్చి, పాట్ పక్కనుండే చిన్న సందులోకి కొద్దిగా కొట్టి, నాబ్ ఇటు చివరి నుంచి అటు చివరికి ఓ ఇరవై ముప్పై సార్లు తిప్పండి. స్విచ్‌కీ అంతే. తుప్పు వదిలించే నూనె స్ప్రే మాత్రం వద్దు. ఆ జిడ్డుకి దుమ్ము పడుతుంది. కొన్ని వారాలకే గరగర మళ్లీ మొదలైతే పాట్‌లు, స్విచ్, జాక్ మూడూ కలిపి మార్చేయండి. ఎలాగూ విప్పారు కదా.

భీమవరం నుంచి రాస్తున్నానండి. పాట్‌లు మారుద్దామంటే ఒకరు 250కె అంటారు, ఒకరు 500కె అంటారు. కెపాసిటర్ ఖరీదైన ఆయిల్ రకం వేస్తేనే టోన్ బాగుంటుందట. ఏది నమ్మాలి?

పాట్ విలువ నిజంగానే సౌండ్ మారుస్తుంది. పికప్ కాయిల్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరంలా లేస్తాయి. ఆ గిటార్ మెరుపంతా అక్కడే. పాట్ రెసిస్టెన్స్ తగ్గేకొద్దీ ఆ శిఖరం అణుగుతుంది. సింగిల్ కాయిల్ స్వతహాగా పదునుగా ఉంటుంది కనుక 250కె, హంబకర్ (రెండు కాయిల్‌లు కలిపి హమ్‌ని రద్దు చేసే పికప్) కాస్త మందంగా ఉంటుంది కనుక 500కె. మీ గిటార్‌లో రెండూ ఉంటే 500కె వేసి, సింగిల్ కాయిల్ ఒక్కోదానికి స్విచ్ దగ్గర హాట్ నుంచి గ్రౌండ్‌కి 470కె రెసిస్టర్ కలపండి. రెండూ ప్యారలల్‌లో 242కె అవుతాయి, సింగిల్ కాయిల్ తన ధోరణిలో తాను పలుకుతుంది.

పాట్ మీద ముద్రించిన అక్షరం కూడా చూడాలి. తిప్పేకొద్దీ రెసిస్టెన్స్ ఎలా మారుతుందో (టేపర్) అది చెబుతుంది: ఏ250కె అని ఉంటే ఆడియో టేపర్, బీ250కె అని ఉంటే లీనియర్. వాల్యూమ్‌కి ఆడియో టేపర్ మేలు. చెవికి సౌండ్ సమంగా పెరిగినట్టు ఉంటుంది. లీనియర్ వేస్తే కింది కొసనే మొత్తం లేచిపోయి, మిగతా తిప్పుడంతా వృథా అనిపిస్తుంది. మామూలు విడిభాగాల షాపుల్లో అడక్కుండా ఇచ్చేది తరచుగా లీనియరే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లే పని ఉంటే అక్కడ వెతకండి, లేదా సీటీఎస్, ఆల్ఫా లాంటి కంపెనీల పాట్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పాట్‌లు రాసిన విలువకి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. మీటర్‌తో కొలిచి, ఎక్కువ ఉన్నదాన్ని వాల్యూమ్‌కి వాడండి.

ఆర్డర్ పెట్టే ముందు స్కేలు పట్టుకుని గిటార్ విప్పండి. తక్కువ ధర గిటార్లలో 16 మిల్లీమీటర్ల చిన్న పాట్‌లు ఉంటాయి, వాటి మర దాదాపు 7 మిల్లీమీటర్లు. పెద్ద సీటీఎస్ పాట్‌కి సుమారు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌ని డ్రిల్‌తో ఒక్కసారిగా తొలిస్తే పగులుతుంది. రీమర్ (రంధ్రాన్ని చేత్తో తిప్పుతూ పెద్దది చేసే పనిముట్టు)తో మెల్లగా పెద్దది చేయండి. పాత నాబ్‌లు కొత్త కడ్డీకి పడతాయో లేదో కూడా చూసుకోండి.

కెపాసిటర్ విషయంలో నా మాట గట్టిగానే చెబుతాను: విలువ చూడండి, ఖరీదు చూడకండి. టోన్ పాట్‌తో కలిసి అది చేసే పని ట్రెబుల్‌ని గ్రౌండ్‌కి పంపడమే. ఎంత పంపాలన్నది మైక్రోఫారడ్ విలువ నిర్ణయిస్తుంది. హంబకర్‌కి సాధారణంగా 0.022, సింగిల్ కాయిల్‌కి 0.022 లేదా 0.047. షాపులో 223 (అంటే 0.022) లేదా 473 (అంటే 0.047) పాలిస్టర్ కెపాసిటర్ అని అడిగితే పది రూపాయల లోపే ఇస్తారు. మిగిలిన డబ్బు మంచి స్విచ్ మీద, జాక్ మీద పెట్టండి. స్ట్రాటోకాస్టర్ 1954లో మూడు స్థానాల స్విచ్‌తో వచ్చింది. రెండు స్థానాల మధ్యలో స్విచ్‌ని ఆపి వాయించేవాళ్లు ఎక్కువయ్యాక 1977లో ఫెండర్ తానే ఐదు స్థానాల స్విచ్ బిగించింది. అలాంటి తెరిచి ఉన్న లోహపు స్విచ్ కొనండి. మూసిన ప్లాస్టిక్ పెట్టె రకాన్ని శుభ్రం చేయడం కష్టం, మన వాతావరణంలో శుభ్రం చేయక తప్పదు.

అమలాపురం. పాట్ వెనక గ్రౌండ్ వైరు ఎంత కాల్చినా సోల్డరింగ్ లెడ్ అతుక్కోవట్లేదు.

పాట్ వెనక రేకు పెద్దది, వేడిని లాగేసుకుంటుంది. 25 వాట్ల ఐరన్ చాలదు, 50 లేదా 60 వాట్లది వెడల్పు మొనతో తీసుకోండి. రేకుని ఎమెరీ పేపర్‌తో గీకి, ముందు అక్కడ కొంచెం లెడ్ పట్టించి, తర్వాత వైరు ఆనించండి. మూడు నాలుగు సెకన్లలో అయిపోవాలి. ఎక్కువసేపు కాలిస్తే లోపలి కార్బన్ ట్రాక్ పాడవుతుంది. 60/40 రోజిన్ కోర్ లెడ్ వాడితే విడిగా ఫ్లక్స్ పేస్ట్ అక్కర్లేదు. ఆ డబ్బా పేస్ట్ తుడవకుండా వదిలేస్తే తేమకి ఆకుపచ్చ చిలుము పడుతుంది. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి.

పాలకొల్లు నుంచండి. ప్రసంగం జరుగుతుండగా మెల్లగా వాయించడానికి వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ మూగబోయినట్టు అవుతోంది.

వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ ముందుగా పోతుంది. వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలికీ, మధ్య కాలికీ మధ్య 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి ప్యారలల్‌గా 150కె రెసిస్టర్ పెట్టండి. దీన్ని ట్రెబుల్ బ్లీడ్ అంటారు. ఈ చిన్న మార్పు మీలా మెల్లగా వాయించేవారికి అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

కాకినాడ. మా బ్యాండ్‌లో గిటార్ ఎప్పుడూ గుయ్‌మంటోంది, తీగలు ముట్టుకుంటే తగ్గుతోంది. పైగా ఒక ప్రోగ్రాంలో మైక్ పెదాలకి తగిలి షాక్ కొట్టింది. గిటార్ వైరింగ్ తప్పా?

ముట్టుకుంటే తగ్గడం వైరింగ్ సరిగ్గా ఉన్నట్టే. చుట్టూ ఉన్న కరెంటు రొదని మన ఒళ్లే గిటార్ దాకా మోసుకొస్తుంది, తీగలు పట్టుకోగానే అది గ్రౌండ్‌కి పోతుంది. ముట్టుకుంటే పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జికి వెళ్లే గ్రౌండ్ వైరు తెగిందేమో చూడాలి. గదిలో ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే ఫ్యాన్ ఆపి చూడండి, గీపెట్టే రొద చాలావరకు అక్కడిదే అయ్యుండొచ్చు. గిటార్ లోపలి గుంటకి రాగి టేపు అంటించి గ్రౌండ్‌కి కలిపితే ఆ రకం రొద తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ మాత్రం రాగి టేపుతో పోదు. దానికి హంబకరే మందు.

షాక్ సంగతి వేరు, దాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. గిటార్ తీగలు కేబుల్ మీదుగా ఆంప్లిఫయర్ బాడీకి కలిసి ఉంటాయి. ఆంప్‌కి ఎర్త్ లేకపోతే ఆ బాడీ మీదికి కరెంటు చేరుతుంది. మైక్ వేరే ఎర్త్ ఉన్న మిక్సర్‌కి కలిసి ఉంటే, చేతికీ పెదాలకీ మధ్య మీరే వైరు అవుతారు. త్రీ పిన్ ప్లగ్‌కి టూ పిన్ అడాప్టర్ తగిలించడం, మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ తీసేయడం ప్రాణం తీసే పనులు. ఆంప్, మిక్సర్ రెండూ ఒకే ఎర్త్ ఉన్న బోర్డు నుంచి తీసుకోండి. జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాం అయితే ఎర్త్ రాడ్ దింపారా అని అడగండి, తప్పనుకోకండి. డెల్టా నేల తడిది, ఎర్త్‌కి మంచిదే. కానీ ఎర్త్ గుంట దాకా వెళ్లే తీగ తుప్పు పట్టి తెగితే తడి నేల ఉండీ లాభం లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పరీక్ష చేయించి, 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకోండి. అది అయ్యేదాకా ఆ ఆంప్ వాడకండి.

తణుకు. యాక్టివ్ పికప్‌ల (బ్యాటరీతో నడిచే పికప్‌ల) గిటార్ కొన్నాను. 9 వోల్టుల బ్యాటరీ వారానికే అయిపోతోంది.

వాయించాక కేబుల్ పీకుతున్నారా? యాక్టివ్ గిటార్లలో స్టీరియో జాక్ ఉంటుంది, కేబుల్ గుచ్చితేనే బ్యాటరీ సర్క్యూట్ కలుస్తుంది. గుచ్చి వదిలేస్తే రాత్రంతా ఖర్చవుతుంది. పీకుతున్నా అయిపోతుంటే, ఎవరో జాక్ మార్చి బ్యాటరీ వైరుని నేరుగా గ్రౌండ్‌కి కలిపి ఉంటారు. స్టీరియో జాక్ తెచ్చి, బ్యాటరీ నల్ల వైరుని దాని రింగ్ కాలికి కలిపితే సరిపోతుంది. ఇలాంటి పికప్‌లకి సాధారణంగా 25కె పాట్‌లు వాడతారు. పైన చెప్పిన 250కె, 500కె లెక్కలు మీ గిటార్‌కి వర్తించవు.