వార్డు ప్రార్థనకు బయలుదేరుతున్న మా అబ్బాయికి

కడప

నాయనా,

ప్రభువు నామంలో నీకు వందనాలు. జమ్మలమడుగు సంఘం నిన్ను ఉపదేశిగా పెట్టుకున్నదని, ఇకనుంచి ఆసుపత్రి వార్డుల్లో ప్రార్థనకు నీవే వెళ్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మోకాళ్లు సహకరించక నేను ఇక్కడికి, కూతురి దగ్గరికి వచ్చేశాను గాని, నా మనసు ఇంకా ఆ మంచాల మధ్యే తిరుగుతోంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేశాను. మొదటి ఏడాది నేను చేసిన తప్పు నీవు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనిలో పనిచేసిన ఒకాయనను అప్పుడు వార్డులో చేర్చారు. దగ్గు తెర వచ్చిందంటే ఇనుప మంచం కిర్రుమనేది. నేను బైబిలు తెరిచి, "దాచుకున్న పాపం ఏదైనా ఉంటే ఒప్పుకోండి, అప్పుడే స్వస్థత" అన్నాను. ఆయన బదులు చెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భార్య నా వెంట వరండాలోకి వచ్చి, చెయ్యి పట్టుకొని, "అమ్మా, ఆయన ఏం పాపం చేశాడో మీకు తెలిస్తే చెప్పండి. ఆయన బదులు నేను ఒప్పుకుంటాను" అంది. ఏళ్ల తరబడి బండలు కోసిన దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, అలాంటి ఊపిరితిత్తులకు క్షయ త్వరగా పట్టుకుంటుందని డాక్టరు తర్వాత చెప్పారు. పిల్లల కడుపు నింపడానికి ఆయన మింగిన దుమ్మును నేను పాపం పద్దులో రాశాను. ఆమె చేతి పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు కదా, పాపం చేసింది వీడా, వీని కన్నవారా అని. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. రోగుల కోసం చేసే ప్రార్థనకు ఆధారమని అందరూ ఎత్తి చూపే, బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం, అదే యాకోబు పత్రిక, 5వ అధ్యాయాన్ని మళ్లీ నెమ్మదిగా చదువు. సంఘ పెద్దలను పిలిపించేది రోగి. పిలవనిదే మీద పడి ప్రార్థించమని అందులో లేదు. పాపం చేసినవాడైతే క్షమాపణ దొరుకుతుందని ఉంది గాని, పాపం చేశాడు కాబట్టే పడకేశాడని లేదు. ఒప్పుకోవడం కూడా ఒకరితో ఒకరు చేయవలసిన పని, అందులో నీ వంతూ ఉంది. అందుకే ఆసుపత్రి ఆవరణలోని వేపచెట్టు కింద నిలబడి, ముందు నా తప్పులు నేను ఒప్పుకొని లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. అలా వెళ్లిన రోజు నా గొంతులో పెత్తనం ఉండేది కాదు.

అయితే మంచాన పడిన మనిషికి రాత్రి తెల్లవారదు. ఎప్పటెప్పటివో గుర్తుకు వస్తాయి. వాటిని దించుకోవడానికి ఒక మనిషి కావాలి. పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర మూడు మంగళవారాలు ఊరికే కూర్చున్నాను. చిన్న ప్రార్థన చేసేదాన్ని, మంచినీళ్లు అందించేదాన్ని, వచ్చేసేదాన్ని. నాలుగోసారి ఆయనే, "నా తమ్ముణ్ణి పిలిపించండమ్మా" అన్నాడు. పొలం గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చి పదకొండేళ్లుగా మాటల్లేవట. తమ్ముడు వచ్చాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తమ్ముడు సంచిలోంచి చీనీకాయ తీసి, వలిచి, తొన మీది పొర తీసి, గింజలు ఏరి, ఒక్కొక్కటిగా అన్న నోట్లో పెట్టాడు. అన్న కళ్లు మూసుకొని నమిలాడు. రెండు వారాల తర్వాత ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయనకు స్వస్థత కలగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మందుల సంగతి. మాత్ర మింగితే విశ్వాసం తగ్గినట్టేనని బోధించేవాళ్లు నీకు ఎదురవుతారు. వాళ్లను గట్టిగా ఎదిరించు. హిజ్కియా రాజు కన్నీళ్లు చూసి దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు యెషయా ప్రవక్త. మన ఊళ్లో సువార్త చెప్పిన లండన్ మిషన్ వారే క్యాంప్‌బెల్ ఆసుపత్రినీ నడిపారు. క్షయకు సరైన మందే లేని రోజుల్లో, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి తెరిచినవి మిషన్ సంఘాలే.

క్షయకు మామూలుగా 6 నెలల మందు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రెండో నెలకే దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే ప్రార్థన కూటంలో నిలబెట్టి, స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పించి, మాత్రలు మాన్పించేస్తారు. మధ్యలో ఆపితే క్రిమి మొండికేస్తుంది, ఆ తర్వాత అవే మందులకు లొంగకపోవచ్చు. ఆ మాత్రల్లో ఒకదానివల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. రక్తం పోతోందని భయపడి మానేసినవాళ్లను చూశాను, నీవు ముందే చెప్పు. బాగుపడిన కుష్ఠరోగిని కూడా ప్రభువు వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు. డాక్టరు పరీక్ష చేసి చెప్పేదాకా ఎవరి చేతా సాక్ష్యం చెప్పించకు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లను డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టకు. చక్కెర పడిపోయి వణుకు, చెమటలు పట్టి కూలిపోతారు.

నయం కాకపోతే విశ్వాసం చాలలేదని మాత్రం ఎన్నడూ అనకు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. తన వెంట తిరిగిన త్రోఫిము రోగియై ఉంటే మిలేతు పట్టణంలో విడిచిపెట్టి వచ్చానని ఆయనే రాశాడు. వాళ్లిద్దరికీ విశ్వాసం తక్కువని ఎవరు అనగలరు?

ప్రార్థించేటప్పుడు రోగికి రాసే నూనె నుదుట ఒక్క వేలితో రాస్తే చాలు. ఆక్సిజన్ పెట్టినవాళ్ల ముఖానికి రాయవద్దు, అక్కడ కొవ్వొత్తి వెలిగించవద్దు. ఆడవాళ్ల వార్డుకు సంఘంలోని ఒక సహోదరిని వెంటబెట్టుకొని వెళ్లు, తల మీద చెయ్యి ఉంచాలంటే అడిగి ఉంచు. పక్క మంచం వాళ్లకూ నిద్ర కావాలి, గొంతు తగ్గించు. మంచం దగ్గర కానుక తీసుకోకు. వాళ్లకు ఇంటికి వెళ్లడానికి బస్సు ఛార్జీ ఉందో లేదో కనుక్కో.

నా నూనె సీసా మీ అమ్మతో పంపుతున్నాను. మూత వదులు, గుడ్డలో చుట్టి పెట్టుకో. నేను వచ్చేసే నాటికి మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద కాలు తీసేసిన తాత ఒకాయన ఉండేవాడు. ఇంకా అక్కడే ఉంటే, ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చో. ఆయన కొడుకు గురించి నీవు అడగవద్దు. ఆయనే చెప్తాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ